ఇంటి నేలయు, పెంపుడు జంతువులును

ఇల్లూడ్చి తడిగుడ్డ పెట్టుట మన గృహములలో నిత్యము జరుగు పని. ఆ బక్కెట్టు నీటిలో ఏమి కలపవలెనన్న ప్రశ్న ఒకప్పుడు అంతగా పుట్టెడిది కాదు. మట్టియిండ్లలో పేడతో అలికి ముగ్గు పెట్టెడివారు. నాపరాళ్లు పరచిన యిండ్లలో నీళ్లు కుమ్మరించి చీపురుతో తోసెడివారు. నేడు అంగడికి పోయినచో ఆకుపచ్చనివి, పసుపుపచ్చనివి, గులాబిరంగువి, ఎన్నో ద్రవముల సీసాలు బారులు తీరి కనిపించును. ప్రతి సీసామీదను ఒక పువ్వు బొమ్మ, క్రిములన్నియు నశించునన్న ఒక హామీ. ఇంటిలో కుక్కయో, పిల్లియో, పంజరములో చిన్న పక్షులో ఉన్నవారు వీనిలో దేనిని ఎన్నుకొనవలెనో, దేనిని మానవలెనో ఈ ప్రసంగమున కొంత వివరింపదలచితిమి.

మనకు నేల నడచుటకు మాత్రమే. కూర్చుండుటకు కుర్చీ, పండుకొనుటకు మంచము, తినుటకు కంచము వేరుగా నున్నవి. కుక్కకు, పిల్లికి నేలయే కుర్చీ, నేలయే మంచము. పళ్లెము వెలుపల పడిన మెతుకు విషయమున నేలయే కంచము గూడ. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. పిల్లి మెలకువగా నున్న కాలములో చాల భాగము తన ఒడలిని తాను నాకి శుభ్రపరచుకొనుటలోనే గడపును. దాని పాదములకు అంటినది కడుపులోనికి పోక తప్పదు. కావున ఒక ద్రవము ఎన్ని క్రిములను చంపునన్న దానికంటె, నేల ఆరిన పిదప దానిపై ఏమి మిగులునన్నదే మనము అడుగవలసిన మొదటి ప్రశ్న. ప్రాకులాడు పసిపిల్లలున్న యింట గూడ ఈ ప్రశ్నయే అడుగవలెనని వేరుగ చెప్పనక్కరలేదు.

ముందుగా ఫినాయిలు సంగతి. ఆసుపత్రి యనగానే మన ముక్కునకు స్ఫురించు వాసన దానిదే. బొగ్గుతారునుండి కార్బాలిక్ ఆమ్లమును 1834లో రుంగె అను జర్మను రసాయనవేత్త వేరుపరచెను. 1865లో గ్లాస్గో నగరమున జోసెఫ్ లిస్టర్ అను శస్త్రవైద్యుడు దానిని గాయములకు వాడి, అవి చీము పట్టకుండ కాపాడవచ్చునని కనుగొనెను. నల్ల ఫినాయిలు ఆ వంశములోనిదే. బొగ్గుతారులోని ఫినాల్, క్రెసాల్ వర్గపు పదార్థములను సబ్బువంటి వస్తువుతో కలిపి దీనిని చేయుదురు. నీటిలో పోయగానే పాలవలె తెల్లబడుటకు ఆ సబ్బే కారణము. అంగళ్లలో తెల్ల ఫినాయిలు పేర దొరకువానిలో పెక్కింటికి పైన్ చెట్టు నూనె ఆధారము. ఈ నల్ల, తెల్ల ద్రవములకు మన దేశమున ఐ.ఎస్. 1061 అను ప్రమాణము కలదు. దానిలో తరగతులను నిర్ణయించునది క్రిములను చంపు శక్తి. ఆ శక్తిని కొలుచుటకు రీడియల్, వాకర్ అను నిరువురు 1903లో ఒక పరీక్షను రూపొందించిరి. అనగా సీసామీది తరగతి సూక్ష్మక్రిమికి జరుగు హానిని తెలుపునే కాని, పిల్లికి జరుగు హానిని తెలుపదు. ఎక్కువ తరగతిది కొన్నచో ఎక్కువ మేలు అనుకొనుట ఈ సందర్భమున పొరపాటు.

పిల్లి విషయమున ఫినాయిలు ఏల అంత ప్రమాదకరమో తెలిసికొనుట ఆసక్తికరము. మన శరీరములోనికి కొద్దిగా ఫినాల్ ప్రవేశించినచో, కాలేయము దానికి గ్లూకురోనిక్ ఆమ్లమును జతపరచి, నీటిలో కరగునట్లు మార్చి, మూత్రముతో వెలికి పంపును. ఈ జతపరచు పనికి కావలసిన ఎంజైములలో ముఖ్యమైన దొకటి పిల్లి శరీరమున తయారు కాదు. దానిని తయారుచేయవలసిన జన్యువు పిల్లిజాతిలో చెడిపోయి యున్నది. ఇంటిపిల్లికే కాదు, సింహమునకు గూడ ఈ లోపము కలదు. తరతరాలుగా మాంసమే తిను జంతువునకు మొక్కలలోని విషములను విరుచు అవసరము లేక ఆ శక్తి నశించినదని శాస్త్రజ్ఞుల ఊహ. మనకు జ్వరము తగ్గించు పారసెటమాల్ బిళ్ల ఒక్కటి పిల్లి ప్రాణము తీయుటకు గూడ ఇదియే ముఖ్యకారణము. పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము అని సామెత. ఫినాయిలు కలిపిన బక్కెట్టు దగ్గర మాత్రము ప్రాణసంకటము పిల్లిదే.

చిక్కని ఫినాయిలు తగిలినచోట చర్మము కాలును. లోనికి పోయినచో నోట చొంగ, వణుకు, నడకలో తూలుట కలుగును. మూత్రము నల్లబారుట గూడ కలదు. కుక్క కొంత తట్టుకొనగలదు గాని, దానికిని ఇది మంచిది కాదు. పిల్లి యున్న యింట నల్ల ఫినాయిలు అడుగు పెట్టరాదనియే మా అభిప్రాయము. పలుచన చేసి వాడెదమను వారున్నారు. చేతిగుంజుడుగా పోయువారే మనలో ఎక్కువ. మూతతో కొలిచి పోయువారు ఎందరు?

ఇక వీధులలో, చిల్లర అంగళ్లలో విడిగా అమ్ము ఫినాయిలు. పాత శీతలపానీయపు సీసాలలో పోసి యిచ్చు దానిపై చీటి యుండదు, పాళ్లుండవు, చేసినవారి పేరుండదు. ఏమి మ్రింగినదో తెలియనప్పుడు పశువైద్యుడు గూడ చీకటిలో తడవులాడవలసినదే. పైగా ఆ సీసాను చూచి పానీయమనుకొని పిల్లలు త్రాగు ప్రమాద మెట్లును కలదు. నాలుగు రూపాయలు కలిసివచ్చునని దీనిని కొనరాదు.

సువాసనగల రంగు ద్రవములలో పెక్కింటి చీటిమీద బెంజాల్కోనియం క్లోరైడు అను పేరు కనిపించును. ఇది నీటితోపాటు ఆవిరియై పోదు. నేలమీద సన్నని పొరగా మిగులును. పొర మిగులుటయే దాని గుణముగా చెప్పుకొని అమ్మువారు గూడ కలరు. చిక్కగా కలిపినప్పుడు, లేక మడుగు కట్టినచోట పిల్లి నడచి పాదములు నాకినప్పుడు, నాలుకమీద, నోటిలో పుండ్లు పడును. అవి వెంటనే కాక కొన్ని గంటల తరువాత పైకి తేలును గనుక, ప్రొద్దుట పెట్టిన తడిగుడ్డకును, సాయంకాలము పిల్లి అన్నము ముట్టకపోవుటకును సంబంధమున్నదని ఎవరికిని తోచదు.

వాసన విషయమున ఒక వింత కలదు. ముక్కు బద్దలగునంత ఘాటుగల బ్లీచింగు ద్రవము నేలమీద మిగిల్చునది స్వల్పము. అందలి సోడియం హైపోక్లోరైటు క్రమముగా విరిగి చాలవరకు ఉప్పుగా మారును. మల్లెపూవువలె పరిమళించు ద్రవము మిగిల్చునది ఎక్కువ. కావున ముక్కును సాక్ష్యమునకు పిలువరాదు. అట్లని బ్లీచింగును రోజూ వాడుమని మేము చెప్పుటలేదు. తడిగా నున్నంతసేపు అది పాదములను, నోటిని మండించును. దాని అవసరము వేరు. 1978 ప్రాంతమున ప్రపంచమున పలుచోట్ల ఒక్కసారిగా వ్యాపించిన పార్వో అను వైరసు కుక్కపిల్లలకు నెత్తురు విరేచనములు కలిగించి చంపును. సామాన్యమైన నేల ద్రవములలో పెక్కింటికి అది లొంగదు. అట్టి జబ్బు వచ్చిన యింట, ముందు మురికినంతయు కడిగి, నూటికి 5 పాళ్లు హైపోక్లోరైటు గల ద్రవమును 30 రెట్లు నీటితో కలిపి, 10 నిమిషములు తడిగా నుంచి, పిదప మంచినీటితో కడిగి ఆరనీయవలెను. జంతువులను ఆ సమయమున వేరు గదిలో నుంచవలెను.

బ్లీచింగును ఒంటరిగానే వాడవలెను. మరుగుదొడ్డి కడుగు ఆమ్లముతో కలిసినచో క్లోరిన్ వాయువు పుట్టును. కుక్క మూత్రము పోసినచోట తుడువకయే చల్లినచో అందలి అమ్మోనియాతో కలిసి మరియొక విషవాయువు పుట్టును. ఈ వాయువులు మన కంటె ముందు పంజరములోని పక్షులకు తగులును. వాని శ్వాసకోశ నిర్మాణము గాలిలోని విషమును త్వరగా గ్రహించును. అమ్మోనియా గల ద్రవములు మరియొక విధముగా గూడ పనికిరావు. ఆ వాసన మూత్రపు వాసనను పోలియుండుటచే కుక్క మరల అచ్చటికే వచ్చి కాలెత్తును. ఈ అవసరమునకు ఎంజైములతో చేసిన ద్రవములు పెంపుడు జంతువుల సామగ్రి అమ్ము దుకాణములలో దొరకును. అవి మూత్రములోని వాసన పదార్థమునే విరిచివేయును.

ప్రకృతిసిద్ధమైనది, మూలికలతో చేసినది అన్న మాటలు చూచి మోసపోవు వారున్నారు. పైన్ నూనె, నీలగిరి తైలము, నిమ్మగడ్డి నూనె — ఇవన్నియు ప్రకృతిసిద్ధములే. పిల్లి కాలేయము వీనితో సులభముగా వేగలేదు. గోమూత్రముతో చేసినవని అమ్ము కొన్ని ద్రవములలో గూడ పైన్ నూనె కలదు. చీటి చదివిన తెలియును. చీమలు రాకుండుటకని బక్కెట్టు నీటిలో కర్పూరము నలిపి వేయుట మన యిండ్లలో వాడుక. కర్పూరము అధికముగా కడుపులోనికి పోయినచో జంతువునకు మూర్ఛలు రాగలవు. గోడవార గీయు చీమలమందు సుద్ద, మూలల వేయు కలరా ఉండలు గూడ ఈ కోవలోనివే.

మరి దేనితో తుడువవలెను? నిత్యమును నీరు చాలును. జిడ్డు, మరక ఉన్ననాడు పాత్రలు తోము మెత్తని సబ్బుద్రవము ఒకటి రెండు చెంచాలు బక్కెట్టు నీటికి చాలును. తరువాత మంచినీటి గుడ్డతో మరల ఒకసారి తుడువవలెను. కుంకుడు రసము గూడ పనిచేయును గాని, చేపల తొట్టి దగ్గర జాగ్రత్త. ఆ నురుగు పదార్థము చేపలకు విషము. చాకలిసోడాకు కారము ఎక్కువ. దానికంటె వంటసోడా మృదువైనది. వినిగరు వాడుమని విదేశముల పుస్తకములలో తరచు వ్రాయుదురు. పింగాణి పలకల నేలకు అది సరియే. మన కడప, బేతంచెర్ల, తాండూరు రాళ్లు సున్నపురాయి జాతివి, చలువరాయియు అట్టిదే. వినిగరు, నిమ్మరసము వీనిని కొరికివేసి నునుపు పోగొట్టును. జంతువు క్షేమముగా నుండును గాని నేల పాడగును. అట్టి నేలలకు సబ్బునీరే తగినది.

కొన్న ద్రవమేదైనను, చీటిమీది కొలత మించరాదు. నేల పూర్తిగా ఆరువరకు జంతువులను ఆ గదిలోనికి రానీయరాదు. వర్షకాలమున ఆరుటకు చాలసేపు పట్టును గనుక పంకా వేయుట మంచిది. బక్కెట్టును మూలనుంచి మరచిపోరాదు; దప్పిగొన్న కుక్కకు అదియు నీటితొట్టియే.

ఇన్ని జాగ్రత్తలు పడినను ఒక్కొక్కప్పుడు పొరపాటు జరుగవచ్చును. అప్పుడు జంతువు తన పాదములను నాకకుండ పట్టుకొని, గోరువెచ్చని నీటితో, మెత్తని సబ్బుతో బాగుగా కడుగవలెను. ఉప్పునీరు త్రాగించి వాంతి చేయింప ప్రయత్నింపరాదు. లోనికి పోవునపుడు కాల్చిన ద్రవము పైకి వచ్చునపుడు మరల కాల్చును. మనుష్యుల మందులేవియు ఇయ్యరాదు. పుండ్లు కనిపించువరకు వేచియుండక వెంటనే పశువుల ఆసుపత్రికి తీసికొనిపోవలెను. పోవునపుడు ఆ ద్రవపు సీసాను, చీటి చినుగకుండ, వెంట పట్టుకొని పోవలెను.