గోమారిని గోటితో నలపకండి

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా రోడ్డు పొడుగునా కంపెనీలు. వాటి వెనుకనే ఊళ్ళు. ఊళ్ళల్లో బర్రెలు, ఆవులు, మేకలు. మగవాళ్ళు షిఫ్టు డ్యూటీకి పోతారు. పేడ తీసేది, గడ్డి వేసేది, పాలు పిండేది ఎక్కువగా ఆడవాళ్ళే. బర్రె చెవిలో, పొదుగు దగ్గర గోమార్లు కనిపిస్తే పీకేది కూడా వాళ్ళే. పీకి, గోటితో చిట్లిస్తారు. ప్రమాదం అక్కడే ఉంది.

గోమారి అంటే ఏమిటి?

దీన్ని కొన్ని ఊళ్ళల్లో పిడుదు అంటారు. దీనికి ఎనిమిది కాళ్ళు. ఇది సాలెపురుగు, తేలు జాతిది. రక్తమే దీని తిండి. కుట్టితే నొప్పి తెలియదు. దీని ఉమ్మి చర్మాన్ని మొద్దుబారుస్తుంది. అందుకే రోజుల తరబడి అంటుకుని ఉంటుంది. ఆడ గోమారి కడుపు నిండా రక్తం తాగి రాలిపోతుంది. కొట్టం గోడ పగుళ్ళలో వేల గుడ్లు పెడుతుంది.

ఉమ్మితో వచ్చే కీడు

ఒకటి, విషం. కొన్ని జాతుల గోమార్ల ఉమ్మిలో విషం ఉంటుంది. అవి కొన్ని రోజులు అంటుకుని ఉంటే మొదట కాళ్ళు పడిపోతాయి. తర్వాత చేతులు. చివరికి ఊపిరి కష్టమవుతుంది. ఇది పిల్లల్లో ఎక్కువ. అమెరికా, ఆస్ట్రేలియా దేశాల్లో ఎక్కువగా చూశారు. మన దేశంలో అరుదు.

రెండు, జ్వరాలు. మనకు ఎక్కువ భయం వీటితోనే. 1957లో కర్ణాటకలోని శివమొగ్గ అడవుల్లో కోతులు చచ్చిపోయాయి. మనుషులకూ జ్వరం వచ్చింది. దాన్ని మోసింది అడవి గోమార్లే అని తేలింది. 2011 జనవరిలో గుజరాత్‌లో కాంగో జ్వరంతో ఒక మహిళ చనిపోయింది. ఆమెకు వైద్యం చేసిన డాక్టరు, నర్సు కూడా చనిపోయారు. ఈ జ్వరం గోమారి కుట్టితే వస్తుంది. గోమారిని నలిపితే వస్తుంది. జబ్బు పశువు రక్తం, రోగి రక్తం తగిలినా వస్తుంది.

గోమారి కరిస్తే ఏం చేయాలి?

కిరోసిన్ పోయొద్దు. బీడీతో కాల్చొద్దు. ముల్లు తీసే పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టుకోవాలి. మెలి తిప్పకుండా నిటారుగా లాగాలి. పట్టకారు లేకపోతే వేళ్ళకు ప్లాస్టిక్ కవరు చుట్టుకోవాలి. గోమారిని స్పిరిటు ఉన్న సీసాలో వేసి మూత పెట్టాలి. కరిచిన చోటును, చేతులను సబ్బుతో కడగాలి.

రెండు వారాల లోపల జ్వరం, తలనొప్పి, ఎర్రటి మచ్చలు, కరిచిన చోట నల్లటి పొక్కు కనిపిస్తే దవాఖానకు పోవాలి. "నన్ను గోమారి కరిచింది సారూ" అని చెప్పాలి. ఈ ఒక్క మాట చెప్పకపోతే డాక్టరు మామూలు జ్వరం అనుకోవచ్చు. కొన్ని గోమారి జ్వరాలు తొందరగా మందు పడితే తగ్గిపోతాయి.

పశువుల సంగతి

గోమార్లు పడితే పశువు చిక్కిపోతుంది, పాలు తగ్గుతాయి. పశువుల డాక్టరు చెప్పిన మందే వాడాలి. పత్తికి కొట్టే మందు పశువుకు పూయకూడదు. కొట్టం గోడ పగుళ్ళు పూడ్చాలి. రోజూ సాయంత్రం పిల్లల తల, చెవుల వెనుక, చంకలు చూడాలి.

మాట్లాడుకుందాం

1. మీ ఇంట్లో గోమార్లను ఎట్లా తీస్తారు?
2. వాటిని గోటితో ఎందుకు నలపకూడదు?
3. జ్వరం వస్తే డాక్టరుకు ఏం చెప్పాలి?