కెమెరా కంటె ముందు కాళ్లు

ఫోటో తీయడమంటే మీట నొక్కడమేనని మనలో చాలామంది అభిప్రాయం. నిజానికి అది అన్నిటికంటె చివరి పని. దానికి ముందు చోటు వెతకాలి, లెక్క వేయాలి, నలుగుర్ని అడగాలి. అనుభవమున్న ఫోటోగ్రాఫర్లు ఒక్క ఫోటో కోసం ఒకే చోటికి రెండు మూడుసార్లు వెళ్లి, ఊరికే చూసి వస్తారు. ఎందుకు?

మొదటిది వెలుగు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడని చిన్నప్పుడు చదువుకున్నాం గాని, సరిగ్గా తూర్పున ఉదయించేది మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతాల్లోనే. మాది కర్నూలు జిల్లా. అక్కడ జూన్ 21న తూర్పుకి సుమారు 24 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబరు 22న దాదాపు అంతే దక్షిణంగా పొద్దు పొడుస్తుంది. రెండు కొండల నడుమ జూన్‌లో కనిపించిన సూర్యోదయం డిసెంబరులో అదే చోట దొరకదన్నమాట. పొద్దున, సాయంత్రం కిరణాలు వాతావరణంలో ఎక్కువ దూరం ప్రయాణిస్తాయి. దారిలో నీలిరంగు చెదిరిపోయి బంగారు వెలుగు మిగులుతుంది. అది ఉండేది గంటసేపు. ఆ గంటలో చోటు వెతుక్కుంటూ తిరిగితే ఫోటో తీసేదెప్పుడు?

చంద్రుడు కావాలంటే పంచాంగం చూడాలి. పౌర్ణమినాడు సూర్యాస్తమయం వేళకే చంద్రోదయమవుతుంది. ఆ తర్వాత రోజుకి సగటున 50 నిమిషాలు ఆలస్యం. గోపురం పక్కన చందమామ, గోపురం మీద సాయంకాలపు వెలుగు రెండూ కావాలంటే పౌర్ణమి, లేదా దాని ముందురోజు వెళ్లాలి.

రెండవది నేల. సర్వే ఆఫ్ ఇండియా పటాల్లో 1:50,000 కొలతవి ఉన్నాయి. వాటిలో ఒక సెంటీమీటరు అంటే అర కిలోమీటరు. ఎత్తు గీతలు దగ్గర దగ్గరగా ఉంటే అక్కడ నేల నిటారుగా ఉన్నట్టు. గండికోటలో పెన్న కోసిన లోయలాంటి చోట పైన ఎండ కాస్తున్నా అడుగున నీడే ఉంటుంది. ఇప్పుడు ఉపగ్రహ చిత్రాలు ఫోన్లోనే చూడొచ్చు. అయినా కొత్తగా వేసిన కరెంటు తీగ, దారికి అడ్డంగా పెరిగిన తుమ్మచెట్టు కాలినడకన పోతేనే తెలుస్తాయి.

మూడవది మనుషులు. చాలామంది మరిచేది ఇదే. మా ఊళ్లో ఒకసారి పొద్దుతిరుగుడు చేను పూతమీదుండగా పెళ్లి ఫోటోలకని కొందరు సాయంత్రం కార్లో దిగారు. పేరు పొద్దుతిరుగుడే గాని, పూర్తిగా విచ్చిన పువ్వు ఇక తిరగదు, తూర్పుకే చూస్తూ నిలిచిపోతుంది. పడమటి ఎండలో వాళ్లకి పువ్వుల వీపులే దక్కాయి. ముఖాలకోసం చేనులోకి దూరి సాళ్లు తొక్కారు. ఒక్కో మొక్కకి ఉండేది ఒక్కటే పువ్వు. కాడ విరిగితే గింజ లేదు, ఆ రైతుకి డబ్బూ లేదు. ముందురోజు వచ్చి గట్టు మీదున్న మనిషిని ఒక్కమాట అడిగుంటే, "పొద్దున్నే రండి బాబూ, తూర్పు గట్టు మీద నిలబడండి" అనేవాడు. ఫోటో బాగుండేది, చేనూ బాగుండేది.

రక్షిత కట్టడాల్లో కెమెరా స్టాండుకి పురావస్తుశాఖ అనుమతి ముందే తీసుకోవాలి. పక్షులు గూళ్లు కట్టే కాలంలో ఎంతదూరం ఆగాలో అటవీశాఖ కాపలాదారుని అడగాలి.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈసారి ఎక్స్‌కర్షన్‌కి కెమెరా పట్టుకెళ్లే మిత్రులారా, ముందు ఆ నేలని అడగండి, తర్వాత దాన్ని దున్నేవాణ్ణి అడగండి. మీట నొక్కడానికి ఒక్క క్షణం చాలు.