హెలికాప్టరు ఎప్పుడు దిగవలెను?

ఉదయగిరి దుర్గము నిలిచిన 3,000 అడుగులకు పైబడిన కొండను దాటి, ఆత్మకూరు మాగాణివైపు ఎగురుచున్న హెలికాప్టరులో యంత్రమేదైనను మొరాయించినచో, పైలట్ ముందు నిలుచు మొదటి ప్రశ్న ఎంత త్వరగా దిగవలెననునదే.

యంత్రమునుబట్టి వివరములు మారినను, పైలట్ చేతిపుస్తకములు ఆపదలను సాధారణముగా మూడు తరగతులుగా విభజించును. ఆరని మంట లేచినచో తక్షణమే దిగవలెను. ఇంకను ఎగురుటకంటె చెట్లపైననో నీటిపైననో దిగుటయే అప్పుడు మేలు. ఇంజను బలమును పైన తిరుగు రెక్కలకు, అనగా రోటరుకు, అందించు గేరుపెట్టెలో నూనె ఒత్తిడి పడిపోయినచో, సురక్షితముగా కనబడిన మొదటి చోటనే దిగవలెను. లోపము స్వల్పమైనచో సహాయము లభించు విమానాశ్రయమువరకు పోవచ్చును. హెచ్చరిక దీపమొక్కటి వెలిగినంతనే తరగతి తేలదు. నూనె ఒత్తిడి, ఉష్ణోగ్రతల ముండ్లను, యంత్రధ్వనిని, కంపనమును పోల్చిచూచిన పిదపనే అది నిజమైన లోపమో, దీపపు దోషమో నిశ్చయింపబడును.

ఒకే ఇంజనుగల హెలికాప్టరులో ఆ ఇంజను పూర్తిగా ఆగినచో ఇంత విచారమునకు వ్యవధి యుండదు. పైలట్ ఎడమచేతి మీటను వెంటనే దించి రెక్కల వాలును తగ్గించును. క్రిందినుండి ఎదురువచ్చు గాలియే రోటరును త్రిప్పుచుండగా, నేల సమీపించినపుడు ముక్కునెత్తి వేగమును తగ్గించి, రెక్కలలో మిగిలిన భ్రమణశక్తితో యంత్రమును నేలకు ఆనించును. దిగు చోటును ఎన్నుకొనునపుడు కొండవాలున క్రిందికి త్రోయు గాలిని, పెన్నానది ఇసుకలో లేచి కన్నుగప్పు ధూళిని, పొలములమీది విద్యుత్తు తీగలను లెక్కింపవలెను.

2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డిగారిని బేగంపేటనుండి చిత్తూరు జిల్లాకు తీసికొనిపోవుచున్న బెల్ 430 హెలికాప్టరు నల్లమలలోని పావురాలగుట్టపై కూలగా, ఆయనతో కలిపి ఐదుగురు అసువులు బాసిరి. గేరుపెట్టె నూనె ఒత్తిడికి సంబంధించిన లోపమునకు పరిష్కారము వెదకుటలో పైలట్లు దాదాపు ఆరు నిమిషములు నిమగ్నులై వాతావరణముపై దృష్టి నిలుపలేకపోయిరనియు, యంత్రము తీవ్రమైన అధోముఖ వాయుప్రవాహమున చిక్కి అదుపు తప్పెననియు విచారణ సంఘము తేల్చినది. పైలట్లలో ఒకరు చేతిపుస్తకము చూచునపుడు రెండవవారు ఆకాశమును విడువరాదు. నడుపుట ముందు, లోపమును దిద్దుట తరువాత. మేఘము క్రమ్ముకొనుచున్నపుడు గడచు ప్రతి నిమిషమును వెనుకనున్న మైదానమును దూరము చేయును.

కావున గమ్యము చేరకమునుపే పొలమున దిగిన పైలట్ పిరికివాడు కాడు, వివేకి. ప్రయాణించు పెద్దలు అతనిని తొందరపెట్టరాదు. అట్లు దిగిన హెలికాప్టరును చూచి పరుగెత్తిపోక, రెక్కలు పూర్తిగా ఆగువరకు దూరముగా నిలువుడు. తిరుగుచున్న తోక రోటరు కంటికి స్పష్టముగా కనబడదు, తగిలినచో ప్రాణము దక్కదు.