నువ్వులు తేలిక, కుక్కే కష్టం

ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి బస్తాల పక్కనుంచి పోతుంటే దగ్గు తన్నుకొస్తుంది కదా బిడ్డా? ఆ దగ్గు బయటపడే ముందు ఒక్క క్షణం గొంతులో స్వరతంత్రులు రెండూ దగ్గరికొచ్చి బిగుసుకుంటాయి. కొరియన్ హల్లుల్లో ఒక జట్టుకు కావలసింది అలాంటి బిగువే.

ఆ భాషలో ‘క’ మూడు రకాలు: వదులుది, ఊపిరి తన్నేది, బిగువుది. త, ప, చలకూ అంతే. మనకు క ఖ గ ఘ నాలుగున్నాయి, మూడెంతలే అనుకుంటావేమో! గొంతు మీద వేలుపెట్టి ‘గ’ అను. లోపల అదురుతుంది. కొరియన్ మాట మొదట్లో ఆ మూడింటిలో ఏదీ అలా అదరదు. మనం కిమ్చీని ‘క’తోనూ, గింబాప్‌ని ‘గ’తోనూ రాసుకుంటున్నాం గానీ, కొరియన్‌లో రెంటికీ మొదటి అక్షరం ఒకటే.

1964లో లీ లిస్కర్, ఆర్థర్ అబ్రామ్‌సన్ అనే పరిశోధకులు పదకొండు భాషల హల్లులు కొలిచారు. నోట్లో అడ్డు తొలగిన క్షణం నుంచి గొంతు అదరడం మొదలయ్యేదాకా ఎంతసేపు పడుతుందన్నది లెక్క. కొరియన్ బిగువు ‘క’కు సగటున 19 మిల్లీసెకన్లు, వదులుదానికి 47, ఊపిరిదానికి 126. ఆ పదకొండులో హిందీ, మరాఠీ, తమిళం ఉన్నాయి. తెలుగు లేదు, నాకది కొంచెం కోపమే.

ఊపిరిది గంజ్ పిల్లలకు నేర్పనక్కర్లేదు. దక్కనీలో తిండిని ‘ఖానా’ అన్నప్పుడు నోటి ముందు పల్చటి కాగితం పెడితే ఎగురుతుంది, అదే. మన ‘కాలు’లోని ‘క’కు కాగితం కదలదు. అందుకే కొరియా వాళ్ల చెవికది చాలావరకు బిగువుదిలాగే తోస్తుంది. బిగువుదానితో ‘కె’ అంటే నువ్వులు, వదులుదానితో ‘కె’ అంటే కుక్క. బస్తా చూపించి మన ‘కె’ అనేసి, దగ్గు ముందరి బిగువు కాస్త జోడిస్తే నువ్వులు దక్కినట్టే. తిప్పలన్నీ కుక్క దగ్గరే! గొంతు వదులు చెయ్యాలి, కొద్దిగా ఊపిరి పోనివ్వాలి, అన్నిటికన్నా ముఖ్యం, శ్రుతి తగ్గించాలి. సియోల్ కుర్రకారు మాటల్లో వదులుదానికీ ఊపిరిదానికీ గాలిలో తేడా బాగా తగ్గిపోయింది, శ్రుతే వాటిని విడదీస్తోంది. కాబట్టి కాగితం పరీక్ష ఒక్కటే నమ్ముకోకు. పాట నేర్చుకునేవాళ్లలా విను.

ఈ వదులుది అచ్చుల మధ్యకొస్తే మాత్రం నిజంగానే ‘గ’ అవుతుంది. మాంసాన్ని ‘గోగి’ అని రాసుకుంటాం. పలికేటప్పుడు మొదటిది ‘క’ వైపే మొగ్గుతుంది, రెండోది ‘గ’. తమిళంలోనూ ఒకే అక్షరం ఇలా రెండు వేషాలు వేస్తుంది. చెన్నైలోని మనవాళ్లకు ఇది కొత్త కాదు.

కొరియన్ రాయడం మాత్రం సులువే. సెజోంగ్ రాజు 1443లో కూర్చి, 1446లో ప్రకటించిన లిపి అది. వదులు ‘క’ ఆకారం, నాలుక మొదలు పైకి లేచి గొంతును అడ్డుకునే బొమ్మ. దానికో గీత కలిపితే ఊపిరిది, రెండు పక్కపక్కన రాస్తే బిగువుది. మన కంఠ్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాల పద్ధతికి చుట్టమే. కాకపోతే నోటి బొమ్మే గీశాడాయన, గట్టివాడు!

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కొరియా వాళ్ల కియా కార్లు తయారవుతున్నాయి. అక్కడ ఉద్యోగానికి వెళ్తే ఇంకొకటి గుర్తుపెట్టుకో. మాట చివర ‘ప్’ వస్తే పెదవులు మూసి అక్కడే ఆగాలి, మళ్లీ తెరవకూడదు. మన నోరేమో చివర ఓ ‘ఉ’ తగిలించందే ఊరుకోదు. గింబాప్ కాస్తా ‘గింబాపు’ అవుతుంది, వాళ్లకు అర్థం కాకపోవచ్చు, మనకేమో బొమ్మల బాపు గుర్తొస్తారు.