'అయ్య'ను కోసేసిన పిలుపు: ఉత్తర తెలంగాణలో పేరు చివరి తోకలు

ఊళ్లో మల్లయ్య అని ఒక మనిషి ఉన్నాడనుకుందాం. వాడలో పిల్లలకు ఆయన మల్లయ్య తాత, ఈడువాళ్లకు మల్లన్న. గడీ ముందుకు పోంగనే మల్లిగాడు. ఆయనకు అరవై ఏండ్లు, పిలిచే దొర కొడుకుకు పన్నెండేండ్లు. అయినా పిలుపు అదే. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో పెరిగిన దళితులకు ఈ సంగతి కొత్తగా చెప్పేదేం లేదు. అయితే ఒక ఇంట్లో 'రావు' తరతరాలకు ఎట్లా అందింది, ఇంకో ఇంట్లో 'గాడు' ఎట్లా అంటుకుంది అన్నది విడమర్చి చూడాలని మేం అనుకుంటున్నాం.

ముందు మన పేర్లు ఎట్లా పుట్టాయో చూద్దాం. వేములవాడ రాజన్నకు మొక్కితే రాజయ్య, రాజవ్వ, రాజేశం. ఓదెల మల్లన్న పేరు మీద ఓదెలు, కొమురెల్లి మల్లన్న పేరు మీద కొమురయ్య, ధర్మపురి నర్సింహస్వామి పేరు మీద నర్సయ్య. మేడారం మొక్కుతో సమ్మయ్య, సారయ్య. పోచమ్మ పేరు మీద పోచయ్య, పోచవ్వ. ఒకే మొక్కుతో పుట్టిన ముగ్గురు అన్నదమ్ములకు ఒకే పేరు పెట్టి పెద్ద రాజయ్య, నడిపి రాజయ్య, చిన్న రాజయ్య అని పిలుచుకోవడం ఇక్కడ మామూలే. ఇంగ్లిషువాళ్లు తండ్రీకొడుకులను వేరు చేయడానికి పేరు చివర సీనియర్, జూనియర్ అని తగిలిస్తే, మనవాళ్లు వరుసను పేరు ముందు పెట్టుకున్నారు.

తాత పేరు మనవడికి పెట్టే ఆనవాయితీ కూడా ఉంది. కానీ మామ పేరు కోడలు నోట పలకొద్దు. అందుకని ఆ తల్లి తన కొడుకునే 'బాపు' అనో 'తాత' అనో పిలుచుకుంటుంది. మన ఇండ్లలో తరం నుంచి తరానికి అందింది ఇట్లాంటి పేరు, దాని ముందు ఇంటిపేరు. పేరు చివర తోక కాదు.

తోకలు దొరల ఇండ్లలో అందాయి. ఈ ప్రాంతంలో దొరలంటే ఎక్కువగా వెలమలు, రెడ్లు. 'రావు' అన్నమాట రాజు నుంచి వచ్చింది. 'రెడ్డి' ఊరి పెత్తనాన్ని చెప్పేది. భూమి, పటేల్గిరి ఎట్లా తండ్రి నుంచి కొడుక్కు వచ్చాయో ఈ తోకలూ అట్లనే వచ్చాయి. ఉయ్యాలలో ఉన్న పిల్లగాడు కూడా చిన్నదొరే. దీనికి శాస్త్రం మద్దతు కూడా ఉంది. మనుస్మృతి రెండో అధ్యాయం బ్రాహ్మణుడి పేరు మంగళాన్ని, క్షత్రియుడి పేరు బలాన్ని, వైశ్యుడి పేరు ధనాన్ని సూచించాలని, శూద్రుడి పేరు మాత్రం ఏవగింపు పుట్టించాలని చెప్పింది. నాలుగు వర్ణాల బయట ఉంచిన అంటరానివాళ్లకు ఆ చివరి వరుసలో కూడా చోటు లేదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. మల్లయ్యలో 'అయ్య' ఉంది. అయ్య అంటే తండ్రి, పెద్దమనిషి. పోచవ్వలో 'అవ్వ' ఉంది. అవ్వ అంటే తల్లి. తల్లిదండ్రులు పెట్టిన పేరును పూర్తిగా పలికితే దొర తన జీతగాణ్ణి 'అయ్యా' అన్నట్టే లెక్క. అందుకే గడీ నోరు ఆ సగాన్ని కోసేసింది. మల్లయ్య మల్లిగాడయిండు, పోచవ్వ పోచి అయింది. కాబట్టి 'గాడు'ను మన పేర్ల మోటుతనం అనుకోవద్దు. గౌరవం ఉన్న పేరును నరికి దాని చోట అతికించిన ముక్క అది. వెట్టి తండ్రి నుంచి కొడుక్కు వచ్చినట్టే ఆ పిలుపూ వచ్చింది. ఊరి కాగితాలు, బడి రిజిస్టర్లు రాసిన చేతులు కూడా ఎక్కువగా అగ్రకులాలవే. పిలిచిన పేరే రాతలోకి ఎక్కితే ఆ బిడ్డ సర్టిఫికెట్లలో జీవితాంతం అదే ఉండిపోతుంది.

దీన్ని మనవాళ్లు ఊరికే భరించలేదు. 1888లో హైదరాబాద్‌లో మాదరి భాగయ్యగా పుట్టిన నాయకుడు భాగ్యరెడ్డి వర్మగా నిలిచాడు. ఆర్యసమాజం 1913లో 'వర్మ' బిరుదు ఇచ్చింది. పై కులాల తోకను తీసుకుని వాళ్ల గుత్తాధిపత్యాన్ని ప్రశ్నించడం ఒక దారి. ఆదిలాబాద్‌కు ఆనుకుని ఉన్న మహారాష్ట్రలో ఇంకో దారి కనబడుతుంది. 1818 కోరేగావ్ యుద్ధంలో చనిపోయిన మహర్ సైనికుల పేర్లు స్తంభం మీద 'నాక్' అనే తోకతో ఉన్నాయి. చూడంగానే కులం తెలిసే తోక అది. తర్వాతి కాలంలో సొంత ఊరు అంబడవె నుంచి వచ్చిన పేరే మారుతూ అంబేద్కర్ అయింది.

కరీంనగర్ జిల్లాలో 1978 సెప్టెంబర్ 7న జరిగిన జగిత్యాల జైత్రయాత్ర తర్వాత దొరల పెత్తనం కదిలింది. భూమి, కూలి, వెట్టి ప్రశ్నలతో పాటు పిలుపు కూడా ప్రశ్న అయింది. 'ఏందిరా' అన్నోళ్లు 'ఏం మల్లయ్యా' అనక తప్పని రోజులు వచ్చాయి. పోరాటంలో గెలిచినవాటిని లెక్కపెట్టేటప్పుడు దీన్ని చిన్నదిగా చూడొద్దు.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా ఇంకొక మలుపు. తిట్టుగా వాడిన కులం పేరునే 'మాదిగ' అని పేరు చివర ధైర్యంగా రాసుకున్నారు. నేతకాని యువకుల్లో కొందరు 'నేత' అని రాసుకుంటున్నారు. కులం పోవాలనేవాళ్లు కులాన్ని పేరుకు తగిలించుకోవడమేమిటని కొందరు మిత్రులు అడుగుతారు. 1929లో చెంగల్పట్టు ఆత్మగౌరవ మహాసభ కులం తోకలు వదలాలని తీర్మానించింది కదా అంటారు. ఆ తీర్మానం సరైనదే. కానీ తోక వల్ల భూమి, హోదా దక్కినవాళ్లు దాన్ని వదలడం వేరు, తోక పేరుతో అవమానపడినవాళ్లు దాన్ని తలెత్తి పలకడం వేరు. 'రావు', 'రెడ్డి'లను ప్రశ్నించకుండా 'మాదిగ'ను మాత్రమే కులతత్వం అనడం న్యాయం కాదు. అట్లని మన పిల్లల పిల్లలు కూడా కులాన్ని మోస్తూనే ఉండాలని మేం అనడం లేదు. దాన్ని ఎప్పుడు దించుకోవాలో నిర్ణయించాల్సింది మోసినవాళ్లే.

ఇప్పుడు వాడల్లో భీంరావ్, సిద్ధార్థ, సావిత్రి అనే పిల్లలు పెరుగుతున్నారు. పాత పేర్లు తగ్గిపోతున్నాయి. పట్నంలో కిరాయి ఇల్లు అడిగితే మాత్రం 'మీ ఇంటిపేరేంది?' అన్న ప్రశ్న ఇంకా వస్తూనే ఉంది. అందుకే మా విన్నపం చిన్నది. బడిలో పేరు రాసే పంతుళ్లు తల్లిదండ్రులు చెప్పిన పేరును పూర్తిగా రాయాలి. విద్యార్థులు తమ తాత, అవ్వలను ఒకసారి కూచోబెట్టి వాళ్లకు పెట్టిన పేరేంది, ఊరు పిలిచిన పేరేంది అని అడిగి రాసుకోవాలి. ఆ రెండు పేర్ల మధ్య ఉన్న దూరమే మన ఊరి చరిత్ర.