ప్రయాణమునకు ముందు భోజనము



ఏలీయా ప్రవక్త బదరీవృక్షము క్రింద సొమ్మసిల్లి పడుకొన్నప్పుడు దేవుని దూత ఆయనను గద్దించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి లేపాడు; ఒకసారి కాదు, రెండుసార్లు. ముందున్న దూరప్రయాణమునకు ఆయనలో బలము చాలదని దేవునికి తెలుసు (1 రాజులు 19).

పెద్ద ఆపరేషను కూడా అలాంటి ప్రయాణమే. పెద్దపేగులో క్యాన్సరు అని తేలగానే మన తీరగ్రామాలవారు అప్పో సప్పో చేసి నెల్లూరుకో, తిరుపతికో, వేలూరుకో, చెన్నైకో పరుగెత్తుతారు. అక్కడ డాక్టరుగారు "పది రోజులు బలమైన ఆహారం పెట్టి తీసుకురండి" అంటే కలవరపడతారు. రోజులు దాటిపోతున్నాయనీ, ఖర్చు పెరుగుతుందనీ నిరాశపడి వైద్యమే మానుకొనేవారున్నారు.

ఆ మాటకు కారణముంది. ఆపరేషనులో జబ్బుపడిన భాగాన్ని తీసి, సాధారణంగా మిగిలిన రెండు కొనలను కలిపి కుడతారు. ఆ అతుకు మానడానికి మాంసకృత్తులు కావాలి. చీము పట్టకుండా రోగనిరోధక శక్తి కావాలి. ఇవి కొరవడితే అతుకు వీడి మలము పొట్టలోనికి కారే ప్రమాదము పెరుగుతుంది. 1936లోనే అమెరికా డాక్టరు హైరమ్ స్టడ్లీ, కడుపులో పుండుకు ఆపరేషను జరిగినవారిలో, ముందుగా అయిదవ వంతుకు పైగా బరువు తగ్గినవారే ఎక్కువగా చనిపోతున్నారని చూపాడు.

డాక్టర్లు ముఖ్యంగా మూడు సంగతులు చూస్తారు. మొదటిది బరువు. 60 కిలోల మనిషి ఆరు నెలల్లో 54 కిలోలకు దిగితే అది హెచ్చరిక. రెండవది రక్తములోని అల్బుమిన్ అనే మాంసకృత్తు. అది డెసిలీటరుకు 3.5 గ్రాములకు తగ్గకూడదు. జబ్బు తీవ్రత వలన కూడా తగ్గుతుంది గనుక దానినొక్కదానినే నమ్ముకోరు. మూడవది రోగముతో పోరాడే లింఫోసైట్లు అనే తెల్లకణాలు. జపాను డాక్టరు ఒనొడెరా 1984లో ఈ చివరి రెండింటిని కలిపి ఒక లెక్క కట్టాడు. అల్బుమిన్ 3, లింఫోసైట్లు 1200 అయితే, మొదటిదానిని 10తోను రెండవదానిని 0.005తోను హెచ్చవేసి కూడితే 36 వస్తుంది. 45 దాటితే పేగు కోసి కుట్టడము క్షేమమనీ, 40కి లోపైతే తగదనీ ఆయన చెప్పాడు. నేటి డాక్టర్లు అన్నీ కలిపి చూచి, బాగా చిక్కిపోయినవారికి 7 నుండి 14 రోజులు పోషణ ఇస్తారు. పేగు మూసుకుపోయినా, చిల్లు పడినా మాత్రము ఆగరు.

కనుక పథ్యమని రోగికి గంజి, చారన్నముతో సరిపెట్టకండి. గుడ్డు, చేప, పాలు, పప్పు పెట్టండి. పేగు ఇరుకైనవారికి డాక్టరు చెప్పిన మెత్తని ఆహారమే ఇవ్వండి.

సంఘ పెద్దలకు ఒక మనవి. ఆపరేషనుకు ముందు రోగి చేత ఉపవాసము చేయించవద్దు. డాక్టరు పస్తుండమన్న గంటలు చాలు. రోగి కొరకు ఉపవాసముండి ప్రార్థించవలసినది మనము. ఆ పూట మనము తినకుండా మిగిల్చిన డబ్బుతో ఆ ఇంటికి గుడ్లు, పాలు పంపుదాము.

ప్రభువు మీ గృహములను కాపాడును గాక. ఆమేన్.