పద్నాలుగేళ్ల పిల్లాడు, పది నిమిషాల తీర్పు

‘పెద్దవాళ్లు అడిగితే నిజం చెప్పాలి’ అని పిల్లలకు నేర్పుతాం. మంచి మాటే. కానీ పోలీసుల ముందు ఒంటరిగా కూర్చున్న పిల్లాడికి ఆ మాటొక్కటే చాలదు. అమెరికాలో పిల్లల్ని పెంచుతున్న మనమంతా జార్జ్ స్టినీ కేసు తెలుసుకోవాలని నేను అనేది అందుకే.

1944 మార్చిలో సౌత్ కరోలినాలోని ఆల్కొలు అనే చిన్న ఊళ్లో ఇద్దరు తెల్లజాతి బాలికలు హత్యకు గురయ్యారు. ఆ రోజు వాళ్లు దారిలో పలకరించిన నల్లజాతి బాలుడు జార్జ్‌ను పోలీసులు పట్టుకెళ్లారు. వయసు 14. పక్కన అమ్మానాన్నలు లేరు, లాయరు లేడు. నేరం ఒప్పుకున్నాడని పోలీసులు చెప్పారు గానీ, అతను సంతకం చేసిన వాంగ్మూలం ఏదీ లేదు. తండ్రిని మిల్లు ఉద్యోగంలోంచి తీసేశారు. ప్రాణభయంతో కుటుంబం ఊరు విడిచిపోయింది.

ఏప్రిల్ 24న విచారణ మొదలై, ఆ రోజే ముగిసింది. జ్యూరీలో అందరూ తెల్లవాళ్లే. కోర్టు నియమించిన లాయరు ఒక్క సాక్షినీ పిలవలేదు. జ్యూరీ సుమారు పది నిమిషాల్లో దోషి అని తేల్చింది. అప్పీలు కూడా వేయలేదు. జూన్ 16న ఎలక్ట్రిక్ కుర్చీలో అతని ప్రాణం తీశారు.

డెబ్బై ఏళ్ల తర్వాత, 2014 డిసెంబరులో జడ్జి కార్మెన్ మల్లెన్ ఆ శిక్షను కొట్టేశారు. హత్య ఎవరు చేశారన్నది ఆమె తేల్చలేదు. ఆ పిల్లాడికి న్యాయమైన విచారణ దక్కలేదని మాత్రం స్పష్టంగా చెప్పారు.

ఈలోగా చట్టం చాలా మారింది. బాలల కోర్టులో పిల్లలకూ లాయరును పెట్టుకునే హక్కు, మౌనంగా ఉండే హక్కు ఉన్నాయని 1967లో గాల్ట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నేరం జరిగేనాటికి 18 నిండనివారికి మరణశిక్ష చెల్లదని 2005లో తీర్పిచ్చింది.

అయినా ఒక లోటు మిగిలే ఉంది. మైనరును ప్రశ్నించేటప్పుడు తల్లిదండ్రులు పక్కన ఉండి తీరాలన్న నియమం దేశమంతటా లేదు. ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది. హక్కులు చదివి ‘అర్థమైందా?’ అని అడిగితే పిల్లలు తలూపేస్తారు. పెద్దలకు ఎదురు చెప్పకూడదని పెరిగిన మన పిల్లలు మరీనూ.

అందుకే ఇంట్లో ఒక మాట ముందే నేర్పండి. పేరు చెప్పాలి, మర్యాదగా ఉండాలి, అబద్ధం ఆడకూడదు, పారిపోకూడదు. ఆ తర్వాత ‘నాకు లాయరు కావాలి, లాయరు వచ్చేదాకా మాట్లాడను’ అనాలి. ‘మా అమ్మను పిలవండి’ అని అడగొచ్చు, కానీ లాయరును అడగడంతో అది సమానం కాకపోవచ్చు. ‘లాయరు’ అన్న మాట నోటివెంట రావాలి.

మనకూ ఒక మాట. స్టేషన్ నుంచి ఫోనొస్తే, కంగారులో ‘అడిగిందంతా చెప్పేసి ఇంటికొచ్చెయ్ నాన్నా’ అనకండి. ముందు లాయరుకు ఫోన్ చేయండి. తప్పు చేసిన పిల్లాడికైనా, చేయని పిల్లాడికైనా ఆ రక్షణ ఒకేలా అవసరం. జార్జ్‌కు అది దొరకలేదు.